బండి కింద ఎర్ర మరక

పొద్దున్నే బండి తీస్తాం. రాత్రి బండి నిలిపిన చోట నేల మీద ఎర్ర చుక్కలు కనబడతాయి. "ఏదో ఆయిల్ కారతా ఉండాదిలే" అనుకుంటాం. పైన కొంచెం పోసుకుని పోతాం. మా మామ కూడా మూడు నెలలు ఇట్లాగే చేసినాడు.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. మామకు ఒక తెల్ల అంబాసిడర్ ఉంది. పెళ్ళిళ్ళకు, తిరుమల కొండకు బాడుగకు తిప్పుతాడు. ఈ కార్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో తయారయ్యేవి. 2014లో ఆపేశారు. పాత అంబాసిడర్లలో చాలా వాటికి పవర్ స్టీరింగ్ లేదు. మామది చివరి కాలంలో వచ్చిన బండి. దానికి ఉంది.

పవర్ స్టీరింగ్ అంటే ఏమిటి? మనం స్టీరింగ్ తిప్పుతాం. ఆయిల్ మన చేతికి సాయం చేస్తుంది. ఇంజను పక్కన ఒక చిన్న పంపు ఉంటుంది. దాన్ని ఇంజను బెల్టు తిప్పుతుంది. పంపు డబ్బాలోని ఆయిల్‌ను గట్టిగా నెడుతుంది. ఆ ఆయిల్ ఒక హోసు పైపులో పోయి చక్రాలను తిప్పే ర్యాకును నెడుతుంది. కొన్ని బండ్లలో ర్యాకు బదులు స్టీరింగ్ బాక్సు ఉంటుంది. పని అయిన ఆయిల్ ఇంకో పైపులో తిరిగి డబ్బాలోకి వస్తుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1920లలోనే దీన్ని తయారుచేశాడు. అమ్మకానికి పెట్టిన కారులో మాత్రం 1951లో వచ్చింది.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తు పెట్టుకోవాలి. పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగితే సాయం ఆగుతుంది. ఆయిల్ అయిపోయినా అంతే. స్టీరింగ్ ఊడిపోదు, కానీ రాయిలాగా బరువెక్కుతుంది.

తిరుమల ఘాట్ రోడ్డు మీకు తెలుసు కదా. మొదటి రోడ్డు 1944లో వేశారు. రెండోది 1974లో వచ్చింది. ఇప్పుడు రెండో దాంట్లో ఎక్కుతాం, పాతదాంట్లో దిగుతాం. దిగే రోడ్డులోనే మలుపులు ఎక్కువ. కొందరు డ్రైవరన్నలు డీజిల్ మిగులుతుందని దిగేటప్పుడు ఇంజను ఆపేస్తారు. మలుపు దగ్గర స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుంటే ఏం చేస్తారు? బూస్టరు ఉన్న బండిలో బ్రేకు కూడా రెండు మూడు సార్లు తొక్కేసరికి గట్టిపడుతుంది. తాళం చెవి బయటికి లాగితే కొన్ని బండ్లలో స్టీరింగే లాకవుతుంది. దిగేటప్పుడు ఇంజను ఆపకండి. గేరు తీయకండి.

ఇప్పుడు మామ సంగతి. ఒక షెడ్డులో చూపిస్తే "ర్యాకు పోయింది, మొత్తం మార్చాల" అన్నారు. చాలా డబ్బు అడిగారు. మామకు నిద్ర పట్టలేదు. మా అత్త మాత్రం ఒకటే అడిగింది, "కారేది యాడనుంచో చూసినారా?" అని. ఎవరూ చూడలేదు!

మిద్దె కారితే ఏమవుతుంది? నీళ్ళు ఒకచోట దిగుతాయి. దూలం వెంట పోయి ఇంకోచోట పడతాయి. ఆయిల్ కూడా అంతే. పైన పైపు దగ్గర కారి, జారి జారి ర్యాకు మీదికి వస్తుంది. అక్కడినుంచి చుక్క పడుతుంది. చుక్క పడేచోటే కారుతోందని అనుకుంటే మోసపోతాం.

మామా, నేనూ ఇట్లా వెతికినాం. రాత్రి బండి కింద పెద్ద అట్ట పరిచినాం. పొద్దున చూస్తే చుక్క ఎర్రగా ఉంది. చాలా బండ్లలో పవర్ స్టీరింగ్ ఆయిల్ ఎర్రగానే ఉంటుంది. పాతబడితే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంజను ఆయిల్ అయితే నల్లగా ఉంటుంది. తర్వాత ఇంజను చల్లగా ఉన్నప్పుడు పంపు, పైపులు, ర్యాకు అన్నీ గుడ్డతో శుభ్రంగా తుడిచినాం. వాటి మీద ముఖానికి పూసుకునే పౌడరు చల్లినాం. అత్త నవ్వింది. మామ ఇంజను వేసి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినాడు. ఆపిన తర్వాత టార్చి వేసి చూస్తే పంపు దగ్గర పైపు బిగించిన చోట పౌడరు తడిసి ఉంది. ర్యాకు దగ్గర పొడిగానే ఉంది.

స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి గట్టిగా పట్టుకుని ఉండకూడదు. పంపు మీద భారం పడుతుంది. కారే చోటును వేలితో తడమకూడదు. కారు టైరులో గాలి 30 పౌన్లు ఉంటుంది. ఈ పైపులో ఆయిల్ ఒత్తిడి 1000 పౌన్లు కూడా దాటుతుంది. సన్నని చిల్లు నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. అట్లా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టండి, బెల్టు లాగేస్తుంది. ఒట్టి జాకీ మీద నిలబెట్టి బండి కిందికి దూరకండి.

మామ బండిలో పోయింది రెండు రాగి వాషర్లు. పైపు బోల్టుకు రెండు పక్కలా ఉంటాయి. ఒకసారి బిగిస్తే అణిగిపోతాయి. పాతవే మళ్ళీ వేస్తే మళ్ళీ కారుతుంది. కొత్తవి వేసినాం, అంతే.

అందరికీ ఇంత సులువుగా తేలదు. తిరిగి వచ్చే పైపు క్లిప్పు వదులైతే కొత్త క్లిప్పు వేస్తే చాలు. ఒత్తిడి పైపు పగిలితే మాత్రం సైకిల్ ట్యూబు చుట్టడం, ఎం-సీల్ పూయడం పనికిరావు. ట్రాక్టర్లకు, జేసీబీలకు హోసు పైపులు చేసే అంగట్లో దానికి సరిపోయే పైపు చేయించవచ్చు. ర్యాకు చివర రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్ని నొక్కి చూడండి. లోపల ఆయిల్ ఉంటే ర్యాకు సీలు పోయినట్టే. అది మేస్త్రి పని. లోపలి కడ్డీకి తుప్పు పట్టి ఉంటే కొత్త సీలును కూడా కోసేస్తుంది. కడ్డీ చూసిన తర్వాతే సీలు వేయించండి.

పాత బండికి సీలు దొరకదని దిగులు పడొద్దు. చాలా సీళ్ళ మీద మూడు అంకెలు ఉంటాయి. 20 35 7 అని ఉంటే లోపలి వెడల్పు 20 మిల్లీమీటర్లు, బయటి వెడల్పు 35, మందం 7. ఆ అంకెలు రాసుకుని అంగడికి పోండి. కొలత ఒకటే అయినా మామూలు ఆయిల్ సీలు తీసుకోకండి. పవర్ స్టీరింగ్‌ది అని అడగండి.

డబ్బా మూత మీదో, బండి పుస్తకంలోనో ఏ ఆయిల్ పోయాలో ఉంటుంది. అదే పోయాలి. బ్రేకు ఆయిల్ ఇందులో పోస్తే సీళ్ళు పాడవుతాయి. ఈ ఆయిల్ బ్రేకు డబ్బాలో పోస్తే బ్రేకులే పోతాయి.

చివరగా లోపల చేరిన గాలి తీయాలి. ముందు చక్రాలు పైకి లేపి, గట్టి దిమ్మెల మీద ఆనించినాం. ఇంజను వేయకుండా స్టీరింగ్‌ను ఆ చివరినుంచి ఈ చివరికి ఇరవై సార్లు నెమ్మదిగా తిప్పినాం. డబ్బాలో ఆయిల్ తగ్గేకొద్దీ పోసినాం. తర్వాత ఇంజను వేసినాం. మొదట నురగ వచ్చింది, పంపు మూలిగింది. కాసేపటికి రెండూ ఆగినాయి.

ఆ రాత్రి మళ్ళీ అట్ట పరిచినాం. తెల్లారి అత్తే ముందు లేచి చూసింది. అట్ట పొడిగా ఉంది. మామ ఆ రోజే కొండకు బాడుగ ఒప్పుకున్నాడు.