ఆపరేషనుకు వస్తున్నారా? సంచిలో ఏమి సర్దుకోవాలి?

ఆపరేషన్ తేదీ ఖాయమయిన దగ్గరనుండి ఇంట్లో అందరికీ హడావుడే. డబ్బు సర్దుకోవాలి, పిల్లలను ఎవరి దగ్గర వదలాలో చూడాలి, పాడి సంగతి, పొలం సంగతి ఎవరికో ఒకరికి అప్పగించాలి. ఇవన్నీ అయ్యాక, బస్సుకు టైమవుతుంటే నాలుగు చీరలు, రెండు దుప్పట్లు సంచిలో కుక్కుకొని బయలుదేరుతారు. వార్డులో మేము తరచుగా చూసేది ఇదే. సంచి నిండుగానే ఉంటుంది. కాని రోజూ వేసుకొనే మాత్రలు ఇంట్లో గూట్లోనే ఉండిపోతాయి. పాత రిపోర్టులు బీరువాలో ఉంటాయి, బీరువా తాళం మరొకరి దగ్గర ఉంటుంది.

దుప్పటి మరచిపోతే పక్క మంచంవారిని అడిగి తెచ్చుకోవచ్చు. సబ్బు మరచిపోతే బయట కొట్లో దొరుకుతుంది. మీ ఒంటి సంగతి మాత్రం మీరు తెస్తేనే మాకు తెలుస్తుంది. అది తెలియక ఆపరేషన్ వాయిదా పడవచ్చు, ఒక్కొక్కసారి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే సంచి ఎలా సర్దుకోవాలో, ఏది ఎందుకు కావాలో ఇక్కడ వివరిస్తున్నాము. హెర్నియా, గాల్ బ్లాడరులో రాళ్ళు, గర్భసంచి తొలగింపు వంటి కడుపు ఆపరేషన్లకు వచ్చి కొన్ని రోజులు వార్డులో ఉండేవారిని దృష్టిలో పెట్టుకొని ఇది రాశాము. మిగతా ఆపరేషన్లకు వచ్చేవారికి కూడా ఇందులో చాలావరకు పనికి వస్తుంది.

మొట్టమొదట మందులు

"ఏమి మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే "బి.పి. బిళ్ళ సిస్టర్, తెల్లగా చిన్నగా ఉంటుంది" అని చెబుతారు. తెల్లగా చిన్నగా ఉండే బిళ్ళలు మందుల షాపులో వందల రకాలు. కాబట్టి మీరు వాడే ప్రతి మందునూ దాని అట్టతోనే తీసుకొని రండి. విడి మాత్రలను కాగితంలో పొట్లం కట్టి తేవద్దు. కంటి చుక్కలు, ఆయాసానికి పీల్చే ఇన్‌హేలరు, ఇన్సులిన్, ఆయుర్వేదం మందు, నాటు మందు, హోమియో గుళికలు, అన్నీ తేవాలి. నాటు మందు వాడుతున్నామంటే డాక్టరుగారు కోప్పడతారని దాచవద్దు. కొన్ని మూలికలు రక్తం గడ్డకట్టే తీరును మారుస్తాయి, మత్తుమందుతో పొసగవు.

మూడు రకాల మందుల గూర్చి ముఖ్యంగా చెప్పాలి.

ఒకటి, రక్తాన్ని పలచబరచే మాత్రలు. గుండెకు స్టెంటు వేయించుకొన్నవారు, పక్షవాతం వచ్చి తగ్గినవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడుతుంటారు. ఈ సంగతి తెలియకుండా కోత పెడితే రక్తం ఆగటం కష్టమవుతుంది. అలాగని ఎవరో చెప్పారని మీ అంతట మీరు ఆపివేస్తే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఆపాలా వద్దా, ఎన్ని రోజుల ముందు ఆపాలి అనేది డాక్టరుగారే నిర్ణయించాలి. ఇది అడ్మిట్ అయ్యే రోజున అడగవలసిన ప్రశ్న కాదు. ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజునే అడగండి.

రెండు, షుగరు మాత్రలు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. వీటిని సాధారణంగా ఆపరేషనుకు మూడు రోజుల ముందే ఆపమంటారు. ఆపకుండా పస్తు ఉంటే, షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. మీ అట్ట మీద ఈ పేర్లు ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే డాక్టరుగారికి ముందుగానే చూపించండి.

మూడు, స్టెరాయిడ్ మాత్రలు. ఉబ్బసానికో, కీళ్ళనొప్పులకో నెలల తరబడి ఇవి వాడినవారు హఠాత్తుగా ఆపకూడదు. ఆపరేషన్ సమయంలో కొందరికి ఇంకా ఎక్కువ మోతాదు అవసరమవుతుంది. ఊళ్ళో కీళ్ళనొప్పులకు ఇచ్చే పేరులేని మాత్రల్లో కూడా స్టెరాయిడ్ ఉండవచ్చు. వాటినీ తెచ్చి చూపించండి.

కాగితాలన్నీ ఒకే ఫైలులో

ఇంతకు ముందు జరిగిన ఆపరేషన్ల డిశ్చార్జి కాగితాలు, స్కానింగు, ఎక్స్‌రే, ఇ.సి.జి., రక్తపరీక్షల రిపోర్టులు పాతవి కిందికి, కొత్తవి పైకి ఉండేలా ఒక ఫైలులో పెట్టుకోండి. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ లేదా ఇన్సూరెన్సు కార్డు ఉంటే వాటి అసలు ప్రతులు, రెండేసి జిరాక్సులు అందులోనే ఉంచండి. పథకం కింద ఆపరేషన్ చేయించుకొనేవారు ఏ కాగితాలు కావాలో ఆఫీసులో ముందే కనుక్కోవటం మంచిది. కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో మరొకలా ఉంటే ఆ రోజున చాలా తిరగవలసి వస్తుంది.

ఒక తెల్ల కాగితం మీద ఈ సంగతులు రాసి ఫైలులో అన్నిటికంటే పైన పెట్టండి: మీ పేరు, వయస్సు, మీకున్న జబ్బులు, వాడే మందులు, మీకు పడని మందు పేరు, ఇంటివారి రెండు ఫోను నంబర్లు. "ఒకసారి ఏదో సూది పడలేదు" అన్న మాట సరిపోదు. ఆ సూది పేరు పాత చీటీలో ఉండి ఉంటుంది, వెదకి పట్టుకోండి.

ఆపరేషనుకు ముందు మీ పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ వైపు, ఏ మందు పడదు అని ఒకరి తరువాత ఒకరు అడుగుతారు. "ఇందాకే చెప్పాను కదా" అని విసుగుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇందుకోసం ఒక జాబితా తయారుచేసింది. ఒక రోగికి చేయవలసినది మరొకరికి, ఒక వైపు చేయవలసినది మరో వైపు జరగకుండా చూడటానికే ఈ ప్రశ్నలు. మరచిపోయి అడగటం లేదు.

బట్టలు: కుట్ల మీద ఒత్తిడి పడకూడదు

ఆపరేషనుకు హాస్పిటల్ గౌను ఇస్తారు. తరువాత వేసుకొనే బట్టలు వదులుగా, పాత నూలువి అయితే మేలు. ఆడవారికి ముందువైపు గుండీలున్న నైటీలు రెండు మూడు చాలు. చీర కడితే లంగా బొందు సరిగ్గా కుట్ల మీదికే వచ్చి ఒరుసుకుంటుంది. మగవారికి లుంగీ, గుండీల చొక్కా. బెల్టు పెట్టే ప్యాంటు వద్దు. సెలైన్ పెట్టిన చేయి పైకెత్తి బనీను తొడగటం ఎంత కష్టమో ఒకసారి చూసినవారికి తెలుస్తుంది. గర్భసంచి ఆపరేషన్ వారు శానిటరీ ప్యాడ్లు ఒక ప్యాకెట్టు తెచ్చుకోవాలి.

అరిగిపోయిన హవాయి చెప్పులు వద్దు. తడి బాత్‌రూములో జారతాయి. వంగకుండా కాలు దూర్చుకొనేవి, అడుగున పట్టు ఉన్నవి తెచ్చుకోండి. ఎందుకంటే చాలామందిని ఆపరేషన్ మరునాటికే, వీలైతే ఆ సాయంత్రమే లేపి నాలుగడుగులు వేయిస్తాము. "కుట్లు ఊడిపోతాయేమో" అని భయపడి మంచానికే అంటుకొని ఉండేవారికి కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. నడక మందువంటిదే.

ఒక చిన్న దిండు తప్పక తెచ్చుకోండి. దగ్గు వచ్చినప్పుడు, తుమ్ము వచ్చినప్పుడు, పక్కమీదనుండి లేచేటప్పుడు దానిని కడుపుకు అదిమి పట్టుకొంటే నొప్పి చాలా తగ్గుతుంది. నొప్పికి భయపడి దగ్గు ఆపుకొంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియాకు దారితీస్తుంది. ఇంటికి ఆటోలో వెళ్ళేటప్పుడు గతుకుల్లో కూడా ఆ దిండే ఆదుకొంటుంది.

మిగతా చిన్న వస్తువులు

బ్రష్షు, పేస్టు, సబ్బు, రెండు తువాళ్ళు, దువ్వెన. స్టీలు పళ్ళెం, గ్లాసు, చెంచా, వేడినీళ్ళకు ఫ్లాస్కు. ఫోను, చార్జరు. చిన్న పుస్తకం, పెన్ను. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చినప్పుడు అడగవలసినవి ముందే రాసుకొంటే మరచిపోరు. కళ్ళజోడు, వినికిడి మిషను, కట్టుడు పళ్ళు ఉన్నవారు వాటికి మూతగల డబ్బా తెచ్చి, దానిమీద పేరు రాయాలి. థియేటరుకు వెళ్ళే ముందు వీటిని తీయమంటారు. కదిలే పళ్ళు ఉంటే మత్తు డాక్టరుగారికి చెప్పండి.

ఇంట్లోనే వదలి రావలసినవి

బంగారం తేవద్దు. గాజులు, ఉంగరాలు, మట్టెలు, ముక్కుపుడక, గొలుసు అన్నీ తీయవలసినవే. థియేటరులో రక్తం ఆపటానికి వాడే కరెంటు పరికరంవల్ల ఒంటిమీది లోహం దగ్గర కాలే ప్రమాదం ఉంది. చేయి వాస్తే ఉంగరాన్ని కోసి తీయవలసి వస్తుంది. మంగళసూత్రం తీయటానికి మనసు ఒప్పనివారు ముందురోజే సిస్టరుతో మాట్లాడండి. అప్పటికప్పుడు థియేటరు గుమ్మంలో కన్నీళ్ళు పెట్టుకోవలసిన పని ఉండదు.

గోళ్ళరంగు తీసివేసి రండి. ఆ వారం గోరింటాకు పెట్టుకోవద్దు. వేలికి తగిలించే చిన్న క్లిప్పు గోరుగుండా వెలుతురు పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉన్నదో చెబుతుంది. ముదురు రంగు అడ్డువస్తే లెక్క తప్పవచ్చు.

ఆపరేషన్ చేసే చోట ఇంట్లో బ్లేడుతో గొరిగించుకొని రావద్దు. కంటికి కనిపించని గాట్లు పడి, వాటిలో క్రిములు చేరి పుండు చీము పట్టే అవకాశం పెరుగుతుంది. వెంట్రుకలు తీయవలసి వస్తే మేమే క్లిప్పరుతో తీస్తాము. ముందురోజు రాత్రిగాని, ఆ ఉదయంగాని సబ్బుతో శుభ్రంగా స్నానం చేస్తే చాలు.

దోమల చుట్టలు, అగరువత్తులు వద్దు. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు ఉండకూడదు.

ఆపరేషన్ రోజున రోగి పక్కన తినుబండారాలు పెట్టవద్దు. పెద్దవారికి సాధారణంగా ఆరు గంటల ముందునుండి ఆహారం, రెండు గంటల ముందునుండి మంచినీళ్ళు కూడా ఆపుతారు. నూనె వంటలు, మాంసం అయితే ఎనిమిది గంటలు. మీకు చెప్పిన టైమునే పాటించండి. పాలు, మజ్జిగ, పాలు కలిపిన టీ కూడా ఆహారం కిందే లెక్క. "గుక్కెడు టీయే కదా" అని ఇస్తే, మత్తులో అది వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పొరపాటున తాగితే దాచకుండా చెప్పండి. ఆపరేషన్ ఆలస్యమవుతుంది, అంతే.

తోడు ఉండేవారికి

తోడుగా ఒకరు చాలు. కాని చదవటం వచ్చినవారు, రోగి సంగతులు తెలిసినవారు, రాత్రి మేలుకోగలిగినవారు అయి ఉండాలి. తమకూ బి.పి., షుగరు ఉంటే తమ మాత్రలు కూడా తెచ్చుకోవాలి. రోగిని చూసుకొంటూ తమ మాత్రలు మానేసి కళ్ళు తిరిగి పడిపోయే తల్లులు, భార్యలు ఉంటారు. చాప, దుప్పటి, మార్చుకొనే బట్టలు, కొంచెం చిల్లర దగ్గర ఉంచుకోండి. మనిషి మారేటప్పుడు ఫైలు, మందుల చీటీ కొత్తగా వచ్చినవారి చేతికి ఇచ్చి, డాక్టరుగారు ఏమి చెప్పారో చెప్పి వెళ్ళండి.

చూడవచ్చేవారికి ఒక మాట

సంఘస్థులు, బంధువులు ప్రేమతో వస్తారు. ఒక్కసారి ఇద్దరు, అదీ చూసే వేళల్లోనే రండి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు, చిన్నపిల్లలు రావద్దు. పండ్లు, కొబ్బరి బొండాలు తెచ్చే ముందు అడగండి. షుగరు ఉన్నవారికి పండ్లరసం, కిడ్నీ జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్ళు కీడు చేయవచ్చు. నిజంగా ఆదుకోవాలంటే తోడు ఉన్నవారికి ఒక పూట అన్నం తీసుకురండి. లేదా ఇంటి దగ్గర పిల్లలను ఒక పూట చూసుకోండి. అంతకు మించిన సహాయం లేదు.

"పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే పుండు మానదు" అని మంచం దగ్గర చెప్పవద్దు. పుండు మానటానికి మాంసకృత్తులు కావాలి. అవి ఉండేది పప్పు, గుడ్డు, పెరుగు, చేపల్లోనే. డాక్టరుగారు తినవచ్చునని చెప్పిన తరువాత కారం అన్నం, చారునీళ్ళతో సరిపెట్టే పథ్యం రోగిని నీరసపరుస్తుంది. ఆపరేషన్ పుండు మీద పసుపు, పసర్లు పెట్టవద్దు.

తిరుగు ప్రయాణంలో

వచ్చేటప్పటి సంచి కంటే వెళ్ళేటప్పటి ఫైలు విలువైనది. డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, కుట్లు తీసే తేదీ అందులో ఉన్నాయా అని చూసుకొని బయలుదేరండి. ఒంట్లోనుండి తీసిన భాగాన్ని బయాప్సీ పరీక్షకు పంపి ఉంటే, ఆ రిపోర్టు మీరు ఇంటికి వెళ్ళిన తరువాత వస్తుంది. నొప్పి తగ్గిందని చాలామంది దానికోసం తిరిగి రారు. క్యాన్సరు తొలిదశలో ఉంటే ఆ కాగితమే చెబుతుంది. ఎప్పుడు వస్తుందో అడిగి, తేదీ రాసుకొని, తప్పక వచ్చి తీసుకొని డాక్టరుగారికి చూపించండి.

జ్వరం, కుట్ల దగ్గర ఎర్రదనం, చీము, ఆగని వాంతులు, ఒక కాలు మాత్రమే వాయటం, ఆయాసం, ఛాతీనొప్పి, వీటిలో ఏది కనిపించినా కుట్లు తీసే తేదీ వరకు ఆగవద్దు. ఆ ఫైలు పట్టుకొని వెంటనే రండి.

ఈ పేజీని కత్తిరించి మందుల గూట్లో ఉంచుకోండి. మీ ఇంట్లో అవసరం రాకపోయినా, పక్కింటివారు ఆపరేషనుకు బయలుదేరుతున్నప్పుడు వారి చేతికి ఇవ్వండి.