బెంచీ మీది పిల్లల్ని అడిగి చూడండి

అమెరికాలో పేరెంట్–టీచర్ మీటింగ్‌కి వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులు లెక్కల గురించి అడుగుతారు, రీడింగ్ లెవెల్ గురించి అడుగుతారు, గిఫ్టెడ్ ప్రోగ్రాం గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. వ్యాయామ విద్య (పీఈ) టీచరు బల్ల దగ్గర ఆగేవాళ్ళు మాత్రం తక్కువ. హైస్కూలుకి వచ్చాక పీఈ క్రెడిట్ కాస్తా వేసవిలో ఆన్‌లైన్‌లో కానిచ్చేస్తే ఆ పీరియడ్‌లో ఇంకో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సు పడుతుందన్న లెక్క తప్ప ఆ క్లాసుతో మనకు పెద్ద పేచీ లేదు. పేచీ ఉన్నది పిల్లలకు. లెక్కల్లో తక్కువ మార్కులొస్తే పేపరు మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. పీఈలో ఆ వెసులుబాటు లేదు. చాలా స్కూళ్ళలో పెట్టే పేసర్ పరీక్షే చూడండి. ఇరవై మీటర్ల దూరం, ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగు. బీప్ మోగేలోపు గీత చేరాలి. బీప్‌ల మధ్య వ్యవధి నిమిషనిమిషానికీ తగ్గుతుంది. రెండుసార్లు తప్పితే పక్కకు వచ్చేయాలి. ముందుగా వచ్చేసిన బొద్దు పిల్ల గోడవారన నిలబడి, మిగతా క్లాసు పరుగెడుతుంటే చూస్తుంది. క్లాసు ఆమెను చూస్తుంది.

ఇలా పక్కన మిగిలిపోయే పిల్లల్ని కలుపుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ఆడపిల్లలకు, 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ వికలాంగులకు రక్షణ ఇచ్చాయి. 1975లో వచ్చి, ఇప్పుడు ఐడియా (IDEA) పేరుతో నడుస్తున్న ప్రత్యేక విద్యా చట్టమైతే ప్రత్యేక విద్య అంటే ఏమిటో నిర్వచిస్తూ వ్యాయామ విద్యను పేరు పెట్టి మరీ చేర్చింది. చట్టాలు పిల్లల్ని జిమ్‌లోకి తెచ్చాయి, సంతోషం. లోపలికొచ్చాక ఏం జరుగుతోందన్నదే అసలు సంగతి. వీల్‌చెయిర్‌లో ఉన్న బాబుకు స్కోరు రాసే పని, ఆస్తమా ఉన్న పాపకు డాక్టరు చీటీ మీద సెలవు, ఆట రానివాళ్ళకు బంతులు ఏరుకొచ్చే బాధ్యత. వీటి వెనక దురుద్దేశం ఉండదు, చాలాసార్లు జాలే ఉంటుంది. కానీ ఈ ఏర్పాట్లన్నీ పెద్దవాళ్ళు ఊహించి చేసినవి. నా వాదన ఇంతే: ఎవరి కోసం మారుస్తున్నామో వాళ్ళను అడగకుండా చేసిన మార్పు చాలా తరచుగా మర్యాదగా పక్కన కూర్చోబెట్టడమే అవుతుంది. పిల్లల్ని అడగడాన్ని మంచితనంగా కాదు, పాఠం తయారుచేసే పనిలో ఒక భాగంగా చూడాలి.

దీనికి నాకు బలంగా కనిపించే సాక్ష్యం కెనడా నుంచి వచ్చింది. డోనా గుడ్విన్, జేన్ వాట్కిన్సన్ అనే పరిశోధకులు శారీరక వైకల్యం ఉన్న పిల్లలతోనే నేరుగా మాట్లాడి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లలు తమ పీఈ క్లాసును మంచి రోజులు, చెడ్డ రోజులుగా విడదీసి చెప్పారు. అందరిలో కలిసినట్టు అనిపించి, తమకు చేతనైనది చేసి చూపించగలిగితే మంచి రోజు. ఒంటరిగా మిగిలినా, తమకు చేతనవునా కాదా అని ఎవరైనా సందేహించినా చెడ్డ రోజు. మంచి రోజు గడిపిన బిడ్డ, చెడ్డ రోజు గడిపిన బిడ్డ ఒకే జిమ్‌లో, ఒకే టీచరు దగ్గర ఉన్నా బయటినుంచి చూసేవాళ్ళకు ఈ తేడా అందదు. మరుసటి ఏడు గుడ్విన్ సాయం సంగతి విడిగా పరిశీలించారు. తోటి పిల్లలు చేసే సాయం కొన్నిసార్లు ఆసరాగా, స్నేహంగా అనిపిస్తే, అడక్కుండా మీద పడి చేసే సాయం స్వతంత్రాన్ని లాగేసుకున్నట్టు అనిపించిందట. బంతి అందించాలా, ఊరుకోవాలా అన్న చిన్న విషయానికి కూడా జవాబు ఆ బిడ్డ దగ్గరే ఉంది. చట్టంలో దొరకదు, టీచర్ ట్రైనింగ్‌లోనూ పూర్తిగా దొరకదు.

ఆడపిల్లల విషయంలో కథ ఇంకాస్త చిక్కైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2016 వరకు ఉన్న గణాంకాలను లెక్కగడితే, 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి రోజుకో గంట వ్యాయామం కూడా అందడం లేదని తేలింది. అబ్బాయిల్లో అది 77.6 శాతం, అమ్మాయిల్లో 84.7 శాతం. అమ్మాయిలకు ఆటల మీద ఆసక్తి ఉండదని తేల్చేయడం సులువు. మెక్సికో సరిహద్దు దగ్గరి అమెరికన్ స్కూల్లో ఐదో తరగతి ఆడపిల్లలతో కింబర్లీ ఆలివర్, ఆమె సహచరులు చేసిన పని ఆ తీర్మానాన్ని కాస్త కదిలించింది. చెమట పట్టకూడదు, జుట్టు చెదరకూడదు, గోళ్ళు విరగకూడదు, మేం అలాంటి సుకుమారులం అని ఆ పిల్లలు చెప్పుకున్నారు. పరిశోధకులు వాళ్ళతో వాదించలేదు. సరే, అలాంటి అమ్మాయిలు ఆడగలిగే ఆటలు మీరే తయారుచేయండి అన్నారు. పిల్లలు చేశారు, ఆడారు కూడా. నచ్చని ఆట తప్పించుకోవడానికి ఆ సుకుమారం ఒక సాకుగా పనికొచ్చేదన్నది అప్పుడు బయటపడింది. ఆలివర్, మనాల్ హమ్జేతో కలిసి 2010లో ప్రచురించిన మరో వ్యాసానికి శీర్షికే ‘అబ్బాయిలు మమ్మల్ని ఆడనివ్వరు’ అన్న అర్థంలో ఉంటుంది. గోళ్ళ గురించి చెప్పిన కారణాన్ని నమ్మి ఊరుకుంటే ఈ కారణం దగ్గరికి చేరేవాళ్ళం కాదు.

పిల్లల్ని అడిగితే ఫోన్లు పట్టుకుని కూర్చుంటామంటారు, లేకపోతే రోజూ బాస్కెట్‌బాలే కావాలంటారు. ఇది మొదటి అభ్యంతరం, నిజమే కూడా. ఐర్లండ్‌లో ఈమర్ ఎన్‌రైట్, మేరీ ఓసలివన్ అనే పరిశోధకులు టీనేజి అమ్మాయిలతో కలిసి పీఈ పాఠ్యక్రమం రూపొందించిన అధ్యయనానికి పెట్టిన పేరులోనే ‘పైజామాలో చేయొచ్చా?’ అన్న ప్రశ్న ఉంది. అయితే పిల్లలు తమకు తెలిసినవాటిలోంచే కదా కోరుకునేది! తెలియనివి రుచి చూపించడం టీచరు వంతు. అడగడమంటే పగ్గాలు వదిలేయడం అనుకునేవాళ్ళు దీన్ని మరిచిపోతారు. రెండో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది: అడిగితే పలికేది నోరున్నవాళ్ళే, అంటే ఇప్పటికే ఆటలో ముందున్నవాళ్ళు. చేతులెత్తించి ఓట్లు లెక్కపెడితే గెలిచేది వాళ్ళ ఆటే, బెంచీ మీది పిల్ల రెండోసారి ఓడిపోతుంది, ఈసారి ప్రజాస్వామ్యబద్ధంగా. అందుకే ఓటింగ్ వద్దు. పేర్లు లేని చీటీలు, బొమ్మలు, పిల్లలే తీసిన ఫొటోలు మేలు. ప్రశ్న కూడా మారాలి. “ఏ ఆట కావాలి?” అని అడిగితే ఆట పేరే వస్తుంది. “ఈ వారం పీఈలో ఎప్పుడు పక్కకు తప్పుకోవాలనిపించింది?” అని అడిగితే బట్టలు మార్చుకునే గది సంగతి, కెప్టెన్లు జట్లు ఎంచుకునేటప్పుడు చివరిదాకా మిగిలిపోవడం, నెలసరి రోజుల్లో ఈత క్లాసు, రూల్స్ తెలియని ఫ్లాగ్ ఫుట్‌బాల్ బయటికొస్తాయి. ఈ మధ్యే ఇండియా నుంచి దిగిన పిల్లాడికి ఈ చివరిదే పెద్ద అడ్డంకి కావచ్చు.

అడిగి ఊరుకుంటే అసలు అడగకపోవడం కన్నా అన్యాయం. ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం పిల్లలకు తమ విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు, ఆ అభిప్రాయానికి తగిన విలువ పొందే హక్కు రెండూ ఇచ్చింది. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన లారా లండీ 2007లో దాన్ని విడమరచి, గొంతు ఒక్కటే చాలదన్నారు: చెప్పడానికి చోటు, వినే బాధ్యత ఉన్న మనిషి, విన్నదానివల్ల ఏదైనా మారే అవకాశం కూడా ఉండాలి. భారత్ 1992లోనే ఈ ఒడంబడికలో చేరింది. అమెరికా 1995లో సంతకం చేసి, నేటికీ ఆమోదించలేదు. అది వేరే కథ.

గురువు మాట వినాలి గానీ గురువుకు చెప్పడమేమిటి అనే పెద్దలు మనలో ఉన్నారు. పాఠం ఏమిటో టీచరే నిర్ణయించాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ పీఈ రంగంలోని పెద్దలే తమ పాత అలవాట్లను ఒక్కొక్కటిగా వదులుకుంటున్నారు. అమెరికా పీఈ టీచర్ల జాతీయ సంస్థ షేప్ అమెరికా, డాడ్జ్‌బాల్ పీఈకి తగిన ఆట కాదని 2017లో ప్రకటించింది. కాలిఫోర్నియా ఐదు, ఏడు, తొమ్మిది తరగతుల ఫిట్‌నెస్ పరీక్షలోంచి ఎత్తు–బరువుల కొలతను 2021–22 నుంచి తీసేసింది. ఆ కొలతతో ఏళ్ళ తరబడి నొచ్చుకున్న పిల్లల్ని ముందే అడిగి ఉంటే ఇంత కాలం పట్టేదా? అదే రాష్ట్రంలో ఏడో తరగతి నుంచి ప్రతి పది బడి రోజులకూ 400 నిమిషాల పీఈ ఉండాలన్నది చట్టం. ఆ నిమిషాల్లో ఫలానా ఆటే ఆడాలని మాత్రం లేదు. పిల్లల మాటకు చోటు అక్కడుంది.

ఇక మన పని. ప్రత్యేక విద్య కింద వ్యక్తిగత విద్యా ప్రణాళిక (ఐఈపీ) ఉన్న పిల్లల తల్లిదండ్రులు మీటింగ్‌లో స్పీచ్ థెరపీ నిమిషాలతో పాటు పీఈ గురించీ అడగవచ్చు. వీలైనచోట ఆ బిడ్డనే కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు, చట్టం దానికి అవకాశమిస్తోంది. ఆంధ్ర, తెలంగాణల్లోని తమ ఊరి బడులకు క్రీడాసామగ్రి పంపే సంఘాలవాళ్ళు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ఆటల్లోనూ సమాన అవకాశం కోరుతోందని గుర్తుంచుకుంటే, క్రికెట్ కిట్లు కొనేముందు హెడ్‌మాస్టారితో పాటు పిల్లల్నీ అడుగుతారు. ఇక్కడ మన సంఘాలు జరిపే వేసవి ఆటల పోటీల సంగతీ అంతే. వాలీబాల్ ఎవరికి, త్రోబాల్ ఎవరికి, చిన్నపిల్లలకు ఏమిటన్నది పెద్దల వాట్సాప్ గ్రూపులో తేలిపోతుంది. వచ్చే ఏడు రిజిస్ట్రేషన్ ఫారంలో టీషర్ట్ సైజు గడి కింద పిల్లలే నింపే గడి ఇంకొకటి పెట్టొచ్చు: “నువ్వు ఆడాలంటే ఏం మారాలి?” ఆ ఫారం ముందుగా పంపవలసింది కిందటేడు ఏ ఆటకూ పేరివ్వని పిల్లల ఇళ్ళకు.