కొల్లేరు చేపల పులుసు: బోర్డు మీద పేరుంది సరే.. ప్లేటులో ఆ చేప ఉందా?

ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం వైపు నుంచి హైదరాబాద్ వచ్చి స్థిరపడినవాళ్లను అడిగి చూడండి. ఇల్లు దొరుకుతుంది, బడి దొరుకుతుంది, ఊరివాళ్లు కూడా దొరుకుతారు. దొరకనిది ఒక్కటే.. చేపల పులుసు. కూకట్‌పల్లి, నిజాంపేట, ప్రగతినగర్ రోడ్ల మీద 'గోదావరి రుచులు' అని బోర్డులు చాలానే కనిపిస్తాయి. 'కొల్లేరు చేపలు' అని రాసి అమ్మే బండ్లూ ఉంటాయి. ఆదివారం ఆశగా వెళ్లి తిని వచ్చాక మాత్రం ఒకటే మాట.. 'బాగానే ఉంది గానీ, మన పులుసు కాదు.'

ఇంతకీ తేడా ఎక్కడొస్తోంది? వంటవాడి చేతిలోనా, చేపలోనా, నీళ్లలోనా? దీనికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే హైదరాబాద్ హోటల్ దగ్గర మొదలైన కథ నేరుగా కొల్లేరు గట్టు మీదకు వచ్చి ఆగుతుంది. అక్కడ ఇంకో చిక్కు ఉంది. 'కొల్లేరు చేప' అనే పేరు కింద ఇప్పుడు రెండు వేర్వేరు రకాలు అమ్ముడవుతున్నాయి.

ఒకే పేరు.. రెండు చేపలు

మొదటిది సరస్సులో తనంతట తాను పెరిగిన చేప. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, వాలుగ, జెల్ల, గొరక, బొమ్మిడాయి.. ఇవన్నీ ఆ బాపతే. తాటి దోనె మీద వెళ్లి, వలలు వేసి, మావులు పెట్టి పట్టేవారు. పెద్దవాళ్లు 'కొల్లేరు చేప రుచి' అంటే వాళ్ల నాలుక మీద ఉన్నది ఇదే.

రెండోది చెరువు చేప. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, ఆ తర్వాత వచ్చిన రూప్‌చంద్, పంగాసియస్. వీటిని సరస్సు చుట్టూ తవ్విన చెరువుల్లో పెంచుతారు. నీళ్లలో వెదురు గెడలు పాతి, వాటికి చిల్లులు పెట్టిన సంచులు కట్టి, అందులో నూనె తీసిన తవుడు పోస్తారు. చేప వచ్చి సంచిని పొడుచుకుని తింటుంది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో రోడ్డుకు అటూ ఇటూ కనిపించే ఆ గెడల వరుసలు ఇవే. ఆకివీడు, కైకలూరు, భీమవరం నుంచి ఐసు పెట్టెల్లో లారీల కొద్దీ వెళ్లేదీ ఈ చేపే.

అలా వెళ్లే చేపలో పెద్ద వాటా బెంగాల్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు పోతుంది. తమాషా ఏంటంటే కోల్‌కతా బజార్లలో మన శీలావతిని 'చాలానీ' అంటారు, అంటే బయటి నుంచి దిగుమతి అయిన సరుకు అని. అక్కడి చెరువులో పట్టిన చేప రుచే వేరని వాళ్లు పెదవి విరుస్తారు. మనవాళ్లు హైదరాబాద్‌లో ఏ ఫిర్యాదు చేస్తున్నారో, సరిగ్గా అదే ఫిర్యాదు కోల్‌కతాలో మన చేప మీద ఉందన్నమాట.

చెరువు చేప చెడ్డదని కాదు. లక్షల మందికి చవకగా మాంసకృత్తులు అందిస్తున్నది అదే. కాకపోతే కొవ్వు ఎక్కువ, కండ మెత్తన. ఈదులాడి వేటాడి తినే కొర్రమీను కండ గట్టిగా ఉంటుంది. పులుసులో ఉడికినా విడిపోదు, పైగా బొచ్చె, శీలావతిలో ఉండే సన్న ముళ్ల బెడద కూడా తక్కువ. ఆ రెంటినీ ఒకే పేరుతో అమ్మడమే అసలు ఇబ్బంది.

సరస్సు ఎలా చెరువులైంది?

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్ల నీళ్లన్నీ ఇక్కడికే చేరతాయి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి వచ్చి కలిసేది ఇందులోనే. నిండిన నీరు ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలోకి వెళ్తుంది.

1970ల్లో మత్స్యకార సొసైటీలకు చెరువులు తవ్వించి ఇవ్వడంతో మొదలైంది పెంపకం. లాభాలు కనిపించాక బయటి పెట్టుబడి దిగింది. గట్ల మీద గట్లు లేచాయి. 1999లో సముద్ర మట్టానికి 5 అడుగుల కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యం హద్దుల్లోని చెరువు గట్లను యంత్రాలతో కొట్టేశారు. హద్దు ఎక్కడి వరకు ఉండాలన్న గొడవ మాత్రం తెగలేదు. ఉపాధి పోయిందని లంక గ్రామాలవాళ్లు అంటారు. సరస్సే పోతోందని పర్యావరణవేత్తలు అంటారు. రెండు వాదనలూ కొట్టిపారేసేవి కావు.

చేప రుచికి దీనితో ఏం సంబంధం అంటే చాలా ఉంది. గట్లు నీటి పారకాన్ని అడ్డుకున్నాయి. పట్టణాల మురుగు, పొలాల మందులు వచ్చి చేరుతున్నాయి. వేసవిలో నీటిమట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఇవన్నీ నాటు రకాల మీదే పడ్డాయి. పైగా పెద్ద వరద వచ్చినప్పుడు చెరువు గట్లు మునిగి పెంపుడు చేపలు సరస్సులోకి పోతాయి. కాబట్టి 'సరస్సులో పట్టిందండీ' అన్న మాట నిజమే అయినా, అది చెరువులో పుట్టి పెరిగిన చేప కావచ్చు!

బజారులో ఏం చూడాలి?

హైదరాబాద్‌లో కొనేవాళ్లకు మొదటి ఇబ్బంది పేరు దగ్గరే వస్తుంది. రాంనగర్, బేగంబజార్ చేపల మార్కెట్లలో శీలావతి అంటే అందరికీ తెలియకపోవచ్చు, రవ్వ లేదా రోహు అనాలి. కొర్రమీనును కొర్రమట్ట అంటారు. ఇదే చేపను తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది. అంటే కొర్రమీను కోసం కొల్లేరు దాకా వెళ్లక్కర్లేదు, తెలంగాణ చెరువుల్లోనూ ఉంది. గోదావరి జిల్లాలవాళ్లు ఒప్పుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది గానీ, మంచి నీళ్లలో పెరిగిన తెలంగాణ కొర్రమట్ట, ఎక్కడిదో తెలియని 'కొల్లేరు' ముక్కల కన్నా చాలా మేలు.

కొర్రమీనుకు ఒక సుగుణం ఉంది. ఇది గాలి కూడా పీల్చుకోగలదు. కొంచెం నీళ్లున్న టబ్బులో గంటల తరబడి బతికే ఉంటుంది. అందుకే ప్రాణంతో ఉన్నదాన్ని కళ్ల ముందే తూచి, కోయించుకోవడం పాత అలవాటు. ఈ అలవాటును నగరంలోనూ వదలకూడదు. ఎందుకంటే కేంద్రం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా పెంచి అమ్ముతున్నారంటూ అధికారుల దాడుల వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. చర్మం తీసి ముక్కలు కొట్టాక దాన్నీ కొర్రమీనునూ విడదీసి చెప్పడం మామూలు మనిషికి కష్టం. నిండు చేపగా చూస్తే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. కొర్రమీనుకు పాము తల, ఒంటి మీద పొలుసులు ఉంటాయి. క్యాట్‌ఫిష్‌కు పొలుసులుండవు, మూతి చుట్టూ పొడుగాటి మీసాలుంటాయి.

బొచ్చె, శీలావతి ఇలా బతికి రావు. వాటికి ఐసే దిక్కు. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బెత్తుగా, వేలితో నొక్కితే గుంట పడకుండా ఉండాలి. 2018 జులైలో ఫార్మలిన్ కలుపుతున్నారన్న అనుమానంతో అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపల దిగుమతిని కొన్నాళ్లు ఆపేసింది. ఆ దెబ్బ నేరుగా ఆంధ్రా రైతుల మీద పడింది. ఘాటు రసాయనం వాసన వచ్చినా, చేప బిరుసుగా రబ్బరులా అనిపించినా కొనకపోవడమే మంచిది.

నీళ్ల మహిమ నిజమేనా?

అమెరికాలో న్యూయార్క్ వదిలి వేరే ఊరు వెళ్లినవాళ్లు అక్కడి పిజ్జా తిని 'మా ఊరి నీళ్లు లేకపోతే పిండికి ఆ రుచి రాదు' అంటారు. కొల్లేరువాళ్లు చేప గురించి అచ్చం అదే మాట అంటారు. పిజ్జా విషయంలో నీళ్ల కన్నా పిండి ఎంతసేపు పులిసింది, పొయ్యి ఎంత వేడెక్కింది అన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. చేప విషయంలో మాత్రం నీళ్ల మాట నిజం.

చెరువు చేపలో కొన్నిసార్లు వచ్చే 'మట్టి వాసన' తెలుసు కదా. తొలకరి వానకు నేల నుంచి వచ్చే వాసన, ఇదీ ఒకటే. రెంటికీ కారణం జియోస్మిన్ అనే పదార్థం. నిలవ నీళ్లలో, అడుగు బురదలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు దీన్ని విడుదల చేస్తాయి. మొప్పల ద్వారా చేప ఒంట్లోకి వెళ్లి కొవ్వులో పేరుకుంటుంది. లీటరు నీటిలో కొన్ని నానోగ్రాములు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. ఎరువులు, మేత ఎక్కువై నాచు పట్టిన చెరువుల్లో ఇది పెరుగుతుంది. పారే నీళ్లలో పేరుకోదు. చేపను కొన్ని రోజులు మేత ఆపి శుభ్రమైన నీళ్లలో ఉంచితే వాసన పోతుంది.

జియోస్మిన్‌కు పులుపు పడదు. ఆమ్లం తగిలితే అది వాసన లేని పదార్థంగా మారిపోతుంది. చేప ముక్కలను మజ్జిగతోనో నిమ్మరసంతోనో కడగడం, చిక్కటి చింతపండు రసంలో ఉడికించడం.. ఏ ల్యాబూ లేకుండానే మన వంటిళ్లు కనిపెట్టిన విరుగుడు ఇది. మట్టి నేలల చేపకు పులుసే ఎందుకు జోడీ అయిందో ఇప్పుడు అర్థమవుతుంది.

హోటల్ పులుసు ఎందుకు తేలిపోతుంది?

చేప సరిగ్గా దొరికినా రుచి రాకపోతే తప్పు వంట పద్ధతిదే. చాలా హోటళ్లలో టమాటా, ఉల్లిపాయ, ఒక్కోసారి జీడిపప్పు కలిపి ఒకే గ్రేవీ పొద్దున్నే చేసి పెట్టుకుంటారు. ఆర్డర్ రాగానే వేయించిన ముక్కలు అందులో వేసి రెండు నిమిషాలు మరిగించి ఇచ్చేస్తారు. ముక్కకు పులుపు పట్టే టైమ్ ఎక్కడిది? పైగా ముళ్లు లేకుండా ఉండాలని పంగాసియస్ ముక్కలు వాడితే, 'బాసా' పేరుతో, ఇక చెప్పేదేముంది.

ఇళ్లలో తీరు వేరు. కొర్రమీను జిగురు పోయేలా బూడిదతోనో కల్లుప్పుతోనో రాచి, బండకేసి రుద్ది కడుగుతారు. వెడల్పాటి మట్టి దాక పెడతారు. ఉల్లిపాయను తరగరు, ముద్ద చేస్తారు. పులుసుకు చిక్కదనం ఇచ్చేది అదే, అందుకే చాలామంది టమాటా జోలికి పోరు. ఉల్లి హోల్‌సేల్ మార్కెట్‌కు పేరున్న తాడేపల్లిగూడెం పక్కనే ఉండగా ఆ ముద్దకు కరువేముంది! కర్నూలు, మహారాష్ట్ర ఉల్లి దిగేది అక్కడే. ముద్ద పచ్చివాసన పోయి నూనె తేలాక కారం, ఉప్పు, పసుపు, ఆపైన చింతపండు రసం. అది బాగా మరిగాకే ముక్కలు వేస్తారు. అక్కడి నుంచి గరిటె పెట్టరు. గుడ్డతో దాకను రెండు వైపులా పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. కొందరు బెండకాయలు వేస్తారు, మామిడి కాలంలో పచ్చిమామిడి ముక్కలు. దించే ముందు ధనియాలు, జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి నూరిన ముద్ద. పొద్దున వండినది రాత్రికి, రాత్రి వండినది మర్నాడు తినాలి.

హోటల్‌వాడు చేయలేనిది ఈ ఆఖరి పనే. 'నిన్నటి పులుసు' అని చెప్పి ఎవరికి అమ్ముతాడు?

ఇటలీలో నేపుల్స్ పిజ్జాకు 2010లో యూరోపియన్ యూనియన్ రక్షణ దక్కింది. ఆ ముద్రతో అమ్మాలంటే పిండి నుంచి పొయ్యి దాకా రాతపూర్వక పద్ధతి పాటించాలి. మన దగ్గర ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొల్లేరు పులుసుకు అలాంటి నియమావళి లేదు. ఎవరు ఏ చేపతో వండి ఆ పేరు పెట్టినా అడిగేవాళ్లు లేరు.

అందుకే చాలా కుటుంబాలు సొంత దారి చూసుకున్నాయి. ఊళ్లో తెలిసినవాళ్లు సాయంత్రం చేప కొని, కడిగి, ఉప్పు పసుపు పట్టించి, థర్మాకోల్ పెట్టెలో ఐసు పరిచి రాత్రి బస్సుకు వేస్తారు. తెల్లారేసరికి ఇక్కడ చేతికొస్తుంది. ఇంకొందరు పులుసే వండి స్టీలు క్యారేజీలో పంపుతారు. ఆ ప్రయాణం పులుసుకు మంచే చేస్తుంది.

అయితే పండక్కి ఊరెళ్లినవాళ్లకు ఈ మధ్య ఇంకో అనుభవం ఎదురవుతోంది. ఏలూరు మార్కెట్‌లోనూ ఎక్కువగా కనిపించేవి చెరువు చేపలే. ఇంగిలాయిలు, మార్పులు, మట్టగిడసలు కావాలంటే ముందు రోజే లంక గ్రామంలో ఎవరికో చెప్పి పెట్టుకోవాలి. వల పడితే తెస్తారు, లేదంటే లేదు.