గర్భిణులకు రక్తపు పోటు - తల్లీబిడ్డల భావి ఆరోగ్యము

నెలలు నిండుచున్న స్త్రీకి పాదములు వాచినచో, "నీరు పట్టినది, కాన్పు కాగానే తగ్గిపోవును" అని ఇంటి పెద్దలు ధైర్యము చెప్పుట మన ఇండ్లలో వాడుక. చాల సందర్భములలో ఆ మాట నిజమే. కాని ఒక్కొక్కప్పుడు ఆ వాపు తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము తెచ్చు వ్యాధికి గుర్తు కావచ్చును. ఏది సహజమో, ఏది వ్యాధియో కంటితో చూచి చెప్పజాలము. కొలిచి తెలిసికొనవలసినదే.

ఈ వ్యాధిని వైద్యులు ప్రీఎక్లాంప్సియా అందురు. గర్భము ధరించిన 20 వారముల తరువాత రక్తపు పోటు 140/90కి గాని, అంతకు మించి గాని పెరిగి, దానితోపాటు మూత్రములో మాంసకృత్తులు పోవుటయో, మూత్రపిండములు, కాలేయము, మెదడు వంటి అవయవములు దెబ్బతినుటయో జరిగినచో ఈ వ్యాధి అని నిర్ణయింతురు. ప్రపంచమున నూరుగురు గర్భిణులలో ఇద్దరు మొదలు ఎనిమిదిమంది వరకు దీని పాలగుచున్నారు. ఇది ముదిరి మూర్ఛలు వచ్చినచో ఎక్లాంప్సియా అగును. మనవారు గుర్రపువాతము అనునది ఇదియే.

దీనికి మూలము చాలవరకు మాయలో నున్నది. మాయ గర్భాశయపు గోడలో నాటుకొనునప్పుడు, అచటి సన్నని రక్తనాళములు బాగుగా వెడల్పు కావలెను. పైరు ఎదుగుచుండగా కాలువ ఇరుకుగానే ఉండిపోయినచో చేనికి నీరు చాలనట్లు, ఆ నాళములు ఇరుకుగా ఉన్నచో మాయకు రక్తము చాలదు. అట్టి మాయనుండి వెలువడు పదార్థములు తల్లి రక్తములో కలిసి, ఆమె రక్తనాళముల లోపలి పొరను దెబ్బతీయును. అందుచే పోటు పెరుగును. బిడ్డకు ఆహారమును ప్రాణవాయువును తగ్గి, ఎదుగుదల కుంటుపడును.

మూర్ఛలు వచ్చిన గర్భిణుల మూత్రములో మాంసకృత్తులు ఉండుటను 1843లో లండనులో జాన్ లీవర్ అను వైద్యుడు కనుగొనెను. చేతికి పట్టీ చుట్టి రక్తపు పోటు కొలుచు సాధనమును 1896లో ఇటలీ దేశీయుడు రీవా-రోచి రూపొందించెను. నేటికిని ఈ వ్యాధిని ముందుగా పట్టి యిచ్చునవి ప్రధానముగా ఈ రెండు పరీక్షలే. రెంటికిని కొద్ది నిమిషములు చాలును. తొలిదశలో ఈ వ్యాధి నొప్పి పెట్టదు గనుక, బాధ లేదని పరీక్ష మానుట తగదు.

విడువని తలనొప్పి, చూపు మసకబారుట, కండ్లముందు మెరుపులు, పొట్ట పైభాగమున కుడివైపు నొప్పి, ముఖమును చేతులును హఠాత్తుగా వాచుట, ఆయాసము - వీనిలో ఏది కనిపించినను ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను. ఉప్పు మానిపించినంత మాత్రమున ఈ వ్యాధి రాకుండ ఆగదు.

మాయతో కూడ ప్రసవము జరుగుటయే దీనికి అసలు చికిత్స. నెలలు నిండనిచో తల్లి క్షేమమును, బిడ్డ ఎదుగుదలను తూచి వైద్యులు సమయము నిర్ణయింతురు. పోటు తగ్గించు మందులు ఇత్తురు. మూర్ఛలు రాకుండ మెగ్నీషియం సల్ఫేట్ సూదిమందు ఇత్తురు. 33 దేశములలో సుమారు 10,000 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన, ఈ మందు మూర్ఛల ప్రమాదమును సగమునకు పైగా తగ్గించునని 2002లో తేల్చెను. ముప్పు ఎక్కువగా నున్నవారికి తొలి నెలలలోనే స్వల్పమోతాదు ఆస్పిరిన్ ఇచ్చుట కలదు. అది వైద్యుని సలహాపైననే వాడవలెను.

కాన్పుతో కథ ముగిసినదని తలపరాదు. ప్రసవానంతరము ఆరు వారముల వరకు ఈ ముప్పు ఉండవచ్చును. అటుపిమ్మట సైతము, ఈ వ్యాధి వచ్చిన స్త్రీలకు ఇతరులకంటె గుండెజబ్బు, పక్షవాతము వచ్చు అవకాశము ఇంచుమించు రెట్టింపు. శాశ్వతమైన రక్తపు పోటు వచ్చు అవకాశము మూడు రెట్లకు పైబడి యుండును. ఆ తల్లుల బిడ్డలు నెలలు నిండక, తక్కువ బరువుతో పుట్టుట కలదు. పెరిగిన తరువాత వారి రక్తపు పోటు తోటివారికంటె కొంచెము హెచ్చుగా ఉండుట గమనింపబడినది. ఇది భయపడుటకు కాదు, జాగ్రత్తపడుటకు. తల్లి ఏటేట పోటు చూపించుకొనవలెను. ఎన్నేండ్లు గడచినను, ఏ వైద్యుని కడకు పోయినను ఈ సంగతి చెప్పవలెను.

మన కుటుంబములకు ప్రత్యేకముగా ఒక మాట. తొలిచూలున ఈ వ్యాధి ఎక్కువ. ఆ తొలిచూలుననే మన ఆడపడుచులు కాన్పుకు పుట్టింటికి పోవుదురు. అంతవరకు పోటు కొలిచిన వైద్యుడు ఒకడు, పురుడు పోయువారు వేరొకరు. కావున చీరెసారెలతోపాటు, పరీక్షల వివరములు వ్రాసిన కార్డును తప్పక వెంట పంపవలెను. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. వియ్యాలవారు ఇరువురును ఆ తేదీని గుర్తుంచుకొన్నచో, అమ్మాయి ఏ ఇంట నున్నను పరీక్ష తప్పదు.