బరువు దిగుతుంటే... యూరిక్ యాసిడ్ ఎక్కుతుంది!

బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ కీళ్లకు, కిడ్నీలకు మేలే చేస్తుంది. కానీ తొలి నెలల గండం దాటాలి!

సర్జరీ చేయించుకుని ఇంటికొచ్చిన కొద్దిరోజులకే కొందరికి అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోతుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది. ‘మాంసం ముట్టలేదు, జావే తాగుతున్నా. మరి ఈ గౌట్ ఎక్కణ్నుంచి వచ్చింది?’ అని తలపట్టుకుంటారు.

తిండి ఒక్కసారిగా తగ్గేసరికి శరీరం కొవ్వుతోపాటు కొంత కండనూ కరిగించుకుంటుంది. కణాలు విరిగినప్పుడు వెలువడే ప్యూరిన్లు యూరిక్ యాసిడ్‌గా మారతాయి. కొవ్వు కరగడంవల్ల పుట్టే కీటోన్లు ఆ యాసిడ్‌ని కిడ్నీలు బయటికి పంపకుండా అడ్డుపడతాయి. చిన్నదైన పొట్టలో నీళ్లూ ఎక్కువ పట్టవు. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే కీళ్లలో స్ఫటికాలు కట్టే వీలుంది. గౌట్ నొప్పికి కారణం అవే. ఇదివరకే గౌట్ ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

ఏడాది తిరిగేసరికి...

బరువు నిలకడగా తగ్గాక యూరిక్ యాసిడ్ కూడా దిగొస్తుంది. 1987లో స్వీడన్‌లో మొదలైన ‘స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్’ అధ్యయనంలో, సర్జరీ చేయించుకున్నవారికి కొత్తగా గౌట్ వచ్చే ముప్పు దాదాపు 40 శాతం తక్కువని తేలింది.

కిడ్నీలదీ అదే దారి. ఊబకాయంలో అవి అవసరానికి మించి వడపోస్తూ అలిసిపోతాయి, ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. బ్రెజిల్‌లో మధుమేహం, తొలిదశ కిడ్నీ జబ్బు ఉన్న 100 మందిపై జరిగిన అధ్యయనం 2020లో వెలువడింది. రెండేళ్లకు, బేరియాట్రిక్ సర్జరీల్లో ఒకటైన గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారిలో 82 శాతానికి మూత్రంలో ఆల్బుమిన్ మామూలు స్థాయికొచ్చింది. మందులు మాత్రమే వాడినవారిలో అది 55 శాతమే.

రిపోర్టు చూసి మురిసిపోవద్దు

కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ కండనుంచి వస్తుంది. సర్జరీ తర్వాత కండ తగ్గితే క్రియాటినిన్ కూడా తగ్గి, కిడ్నీలు నిజంగా ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తాయి. అందుకే సిస్టాటిన్-సి, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షల గురించి కూడా డాక్టర్ని అడగాలి.

బైపాస్ అయినవారికి ఇంకో చిక్కు... కిడ్నీలో రాళ్లు. అరగని కొవ్వు పేగులో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియంతో కలిసి బయటికి పోవాల్సిన ఆగ్జలేట్ రక్తంలో చేరి, మూత్రంలో రాయి కడుతుంది. అందుకే ఆగ్జలేట్ ఎక్కువుండే పాలకూర, చుక్కకూర, బాదం తగ్గించాలి. డాక్టరు రాసిన కాల్షియం మాత్రని భోజనంతోపాటే వేసుకోవాలి.

నొప్పి వచ్చిందని మందులషాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని మింగకండి. కుదించిన పొట్టలో పుండు పడొచ్చు, కిడ్నీ దెబ్బతినొచ్చు. గౌట్‌కి వాడుతున్న అల్లోప్యూరినాల్‌ని సొంతంగా మానేయకండి. సర్జరీకి ముందే మీ గౌట్ చరిత్ర సర్జన్‌కి చెప్పండి. సర్జరీ తర్వాత గుక్కగుక్కగా రోజంతా నీళ్లు తాగండి, పరీక్షలు వాయిదా వేయకండి.