బోధకుని పక్కన మరొకరు

బద్ర్ యుద్ధంలో పట్టుబడి, పరిహారం చెల్లించలేని అక్షరాస్యులైన ఖైదీలకు దైవప్రవక్త (స) విముక్తి మార్గం చూపారు: మదీనా పిల్లలకు చదువు నేర్పడం. విద్యాదానానికి ఇస్లాం ఇచ్చిన విలువ అది.

నేడు ఎందరో సోదర సోదరీమణులు అల్లాహ్ ప్రసన్నత కోరి జూమ్‌లో ఉచితంగా పాఠాలు చెబుతున్నారు. కాని బోధకులు పాఠంలో లీనమై ఉండగా, మాట వినబడని బాలిక మౌనంగా నిష్క్రమిస్తుంది, మరునాడు రాదు.

అందుకే ప్రతి తరగతికీ ఒక సహాయకులుండాలి. వారే హోస్ట్‌గా సమావేశం ప్రారంభించి, వెయిటింగ్ రూమ్‌లోని పిల్లలను గుర్తించి అనుమతించాలి. అనవసరపు మైకులు ఆపాలి. చాట్‌లోని సందేహాలను బోధకులకు అందించాలి. మధ్యలో తప్పుకున్నవారికి ఫోను చేయాలి. ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకే ముగుస్తుంది గనుక పాఠం 35 నిమిషాలకు కుదించుకోవాలి.

పాఠం చెప్పలేని యువతీ యువకులు సైతం ఈ సేవతో ఆ పుణ్యంలో భాగస్వాములు కాగలరు, ఇన్షా అల్లాహ్.