కలిసి తినడం, పంచుకొని తినడం

మనిషి రోజుకు రెండు మూడుసార్లు తప్పక చేసే పని భోజనం. నమాజు, రోజా, జకాత్‌ల నియమాలను శ్రద్ధగా అడిగి తెలుసుకునే కుటుంబాలలో సైతం, దస్తర్‌ఖాన్ దగ్గర ధర్మం ఏమి చెబుతున్నదన్న ప్రశ్న అరుదుగా తలెత్తుతుంది. పదార్థం హలాలా, హరామా అని విచారిస్తే పని పూర్తయినట్లు భావిస్తారు. ఎవరితో కలిసి తిన్నారు, ఎవరికి పెట్టారు, వండినవారు తిన్నారా లేదా అన్నది ఇంటి విషయం మాత్రమే అనుకుంటారు. నిజానికి దివ్య ఖుర్ఆన్, హదీసులు ఈ చిన్న విషయాలను వదిలిపెట్టలేదు. ఇంటి వంటను, పొరుగింటి గిన్నెను కూడా అవి విశ్వాసానికి సంబంధించిన అంశాలుగానే ఎంచాయి.

ఎవరి ఇంట తినవచ్చును?

నూర్ సూరాలోని 61వ ఆయతు ఈ విషయంలో ప్రధానమైనది. అంధులు, కుంటివారు, రోగులు ఇతరులతో కలిసి తినడంలో దోషం లేదని ఆ ఆయతు తెలుపుతున్నది. ఆ తరువాత సొంత ఇల్లు మొదలుకొని తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, చిన్నాన్న పెదనాన్నలు, మేనత్తలు, మేనమామలు, పినతల్లి పెద్దమ్మల ఇళ్ళను వరుసగా పేర్కొన్నది. తాళపుచెవులు తమ అధీనంలో ఉంచబడిన ఇళ్ళను, చివరకు మిత్రుని ఇంటిని కూడా ఈ జాబితాలో చేర్చింది. అందరూ కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా తప్పు లేదని చెప్పి, ఇళ్ళలో ప్రవేశించేటప్పుడు సలాము చేయవలసిందిగా ఆదేశించింది.

అన్నం తినడానికి ఇంతమంది బంధువుల పేర్లు ఎందుకు చెప్పవలసి వచ్చింది? వ్యాఖ్యాతలు ఇందుకు అనేక సందర్భాలను ఉల్లేఖించారు. ఒకరి సొమ్మును ఒకరు అన్యాయంగా తినరాదన్న ఆదేశం వచ్చిన పిమ్మట విశ్వాసులు ఎంతో భయపడ్డారు. బంధువుల ఇంట ఒక ముద్ద తినడం కూడా ఆ నిషేధం కిందికి వస్తుందేమోనని వెనుకాడారు. కొందరు యుద్ధానికి వెళ్ళేటప్పుడు తమ ఇంటి తాళపుచెవులను వెనుక ఉండిపోయినవారికి అప్పగించి, అవసరమైనది తినండని చెప్పి వెళ్ళేవారు. కాని యజమాని మనస్ఫూర్తిగా చెప్పాడో లేదోనని వీరు ముట్టుకునేవారు కారు. అంధులతో తింటే మంచి ముక్క మనకే వస్తుంది, రోగితో తింటే అతడు వెనుకబడతాడు, ఇది అన్యాయం కాదా అని మరికొందరు సంకోచించేవారు. కినానా తెగలోని ఒక శాఖవారు ఒంటరిగా తినడమే పాపమని భావించి, తోడు దొరికేవరకు ఆకలితో కూర్చునేవారు.

ఈ సంకోచాలన్నింటినీ ఒక్క ఆయతు తొలగించింది. దీనిలో రెండు సంగతులు గమనించదగినవి. మొదటిది, అవయవలోపం ఉన్నవారిని పళ్ళెం నుండి దూరం చేయడానికి జాలి కూడా కారణం కారాదు. రెండవది, బంధువుల ఇంట తినడానికి ప్రతిసారీ పిలుపు అవసరం లేదు. వారి సమ్మతి తెలిసి ఉంటే చాలును. కుమారుల ఇళ్ళ ప్రస్తావన ఆయతులో విడిగా లేకపోవడాన్ని కూడా వ్యాఖ్యాతలు గుర్తించారు. బిడ్డల ఇల్లు తల్లిదండ్రులకు పరాయి ఇల్లు కాదు, అది ‘మీ ఇళ్ళు’ అన్న మాటలోనే ఇమిడి ఉన్నదని వారి వివరణ. కొడుకు ఇంట అన్నం అడగడానికి తల్లి మొహమాటపడే పరిస్థితి ఏ కుటుంబంలో ఉన్నా, ఆ కుటుంబం ఈ ఆయతును మరొకసారి చదువుకోవలసి ఉన్నది.

ఒకే పళ్ళెంలోని శుభం

విడిగా తినడానికి అనుమతి ఉన్నప్పటికీ, దైవప్రవక్త (స) కలిసి తినడాన్నే ప్రోత్సహించారు. తాము తింటున్నా కడుపు నిండడం లేదని కొందరు సహాబీలు విన్నవించుకున్నప్పుడు, బహుశా మీరు విడివిడిగా తింటున్నారేమో అని ఆయన అడిగారు. వారు అవునన్నారు. అందరూ కూడి, అల్లాహ్ పేరు స్మరించి తింటే శుభం కలుగుతుందని ఆయన వారికి తెలియజేశారు. ఈ ఉల్లేఖనం అబూదావూద్, ఇబ్నెమాజా గ్రంథాలలో ఉన్నది. ఇద్దరి భోజనం ముగ్గురికీ, ముగ్గురి భోజనం నలుగురికీ సరిపోతుందన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది.

దీనికి ఆచరణ రూపం యెమెన్ నుండి వచ్చిన అష్అరీ తెగవారిలో కనిపిస్తుంది. ప్రయాణంలోగాని, మదీనాలోగాని ఆహారం తరిగిపోయినప్పుడు వారు ఎవరి దగ్గర ఉన్నది వారు తెచ్చి ఒకే వస్త్రంలో పోసేవారు. ఆ తరువాత ఒకే పాత్రతో కొలిచి సమానంగా పంచుకునేవారు. ఎక్కువ తెచ్చినవాడు, తక్కువ తెచ్చినవాడు అన్న లెక్క ఉండేది కాదు. ప్రవక్త (స) వారిని తనవారిగా చెప్పుకొని మెచ్చుకున్నారు.

పిల్లలకు మర్యాద నేర్పే స్థలం కూడా ఈ పళ్ళెమే. హజ్రత్ ఉమ్మె సల్మా (ర) కుమారుడు ఉమర్ బిన్ అబీసల్మా (ర) ప్రవక్త (స) సంరక్షణలో పెరిగిన బాలుడు. తినేటప్పుడు అతని చేయి పళ్ళెమంతా తిరిగేది. ప్రవక్త (స) అతన్ని కసరలేదు, పక్కకు పంపలేదు. బిస్మిల్లాహ్ చెప్పాలని, కుడిచేతితో తినాలని, తనకు ఎదురుగా ఉన్న భాగంనుండి తినాలని మూడు మాటలలో నేర్పారు. ఆ తరువాత తాను ఎల్లప్పుడూ అలాగే తిన్నానని పెద్దయ్యాక ఆయనే ఉల్లేఖించారు. పెద్దలు పిల్లలతో కలిసి కూర్చున్నందువల్లనే ఈ పాఠం సాధ్యపడింది. ఒక్కొక్కరు ఒక్కొక్క వేళ, ఒక్కొక్క మూల, చేతిలో ఫోను పట్టుకొని తినే ఇంటిలో ఈ పాఠం ఎవరు ఎవరికి చెప్పగలరు?

కూరలో మరికొన్ని నీళ్ళు

కూర వండినప్పుడు కాస్త నీరు ఎక్కువ పోసి పొరుగువారికి కూడా అందేటట్లు చూడమని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (ర)కు ఉపదేశించారు. ఇది ముస్లిం గ్రంథంలోని హదీసు. మాంసం ఎక్కువ కొనమని ఆయన చెప్పలేదు. ప్రత్యేకంగా వండమనీ అనలేదు. ఉన్నదానిలోనే రసం పెంచమన్నారు. సాలన్ కొంచెం పలచబడుతుంది, రుచి ఒక పిసరు తగ్గుతుంది. కాని మరొక ఇంటి అన్నం తడుస్తుంది. పేద ఇల్లాలికి సైతం ఈ ఆచరణ అందుబాటులో ఉన్నది. పొరుగింటికి పంపే వస్తువు మేకకాలి గిట్ట అయినా సరే తక్కువగా చూడరాదని స్త్రీలను ప్రత్యేకంగా సంబోధించి చెప్పిన హదీసు కూడా ఈ భావాన్నే బలపరుస్తున్నది. ఇద్దరు పొరుగువారిలో ముందు ఎవరికి పంపాలని హజ్రత్ ఆయిషా (ర) అడిగినప్పుడు, ఎవరి గుమ్మం దగ్గరగా ఉంటే వారికని ప్రవక్త (స) జవాబిచ్చారు.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉన్నది. పంచుకోవడం వేరు, బిచ్చం వేయడం వేరు. హజ్రత్ ఆయిషా (ర) విముక్తి కలిగించిన బరీరా (ర) అనే స్త్రీకి ఎవరో సదకాగా మాంసం ఇచ్చారు. ఆమె దానిలో కొంత ప్రవక్త (స) ఇంటికి పంపింది. పొయ్యిమీద మాంసం ఉడుకుతూ ఉండగా ప్రవక్త (స) ముందు రొట్టె, ఇంట్లో ఉన్న మరేదో ఆదరువు పెట్టారు. మాంసం సంగతి ఆయన అడిగారు. అది సదకా సొమ్ము, ప్రవక్త (స) సదకా భుజించరు గదా అని ఇంటివారు అన్నారు. ఆమెకు అది సదకా, ఆమెనుండి మనకు అది కానుక అని ఆయన వివరించారు. ధర్మవేత్తలు దీనినుండి సొమ్ము చేయి మారితే దాని స్థితి మారుతుందన్న సూత్రాన్ని గ్రహించారు. సామాన్య పాఠకులు మరొక సంగతి గ్రహించవచ్చును. పేదవారు ఎల్లప్పుడూ పుచ్చుకునే వైపే ఉండాలన్న నియమం లేదు. వారి గిన్నెను ఆనందంగా అందుకోవడం కూడా వారిని గౌరవించడమే. తెలుగు ఇళ్ళలో పొరుగువారి గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్న మంచి అలవాటు ఉన్నది. దాని వెనుక ఉన్న మర్యాద ఇదే.

పొరుగువారు ఇతర మతస్థులైతే?

హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) ఇంట ఒక మేకను కోశారు. ఆయన ఇంటికి రాగానే, మన యూదు పొరుగువానికి పంపారా అని రెండుసార్లు అడిగారు. పొరుగువారి విషయమై జిబ్రీల్ (అ) ఎంతగా తాకీదు చేశారో ప్రవక్త (స) నోట విన్నానని ఆయన కారణం చెప్పారు. కాబట్టి పొరుగు హక్కు మతాన్నిబట్టి రద్దయ్యేది కాదు.

ఆంధ్ర, తెలంగాణ గ్రామాలలో ముస్లిం కుటుంబాలు హిందూ కుటుంబాల మధ్యనే నివసిస్తున్నాయి. ఈద్ నాడు ఇటునుండి షీర్‌ఖుర్మా, సేమియా వెళ్ళడం, సంక్రాంతికి అటునుండి అరిసెలు రావడం తరతరాల అలవాటు. షరీఅత్ దృష్టిలో దీని హద్దులు స్పష్టమైనవే. ముస్లిములుగాని, గ్రంథప్రజలుగాని జిబహ్ చేయని జంతువు మాంసం తినరాదు. మద్యం మొదలైన నిషిద్ధ వస్తువులు కలిసినది తినరాదు. దేవతలకు నైవేద్యంగా పెట్టినదానికి దూరంగా ఉండటమే తగిన జాగ్రత్త అని ఉలమా చెబుతారు. ఇవి కాక ధాన్యం, పప్పు, కూరగాయలు, పిండివంటలు ఎవరు వండినా మూలంలో ధర్మసమ్మతమైనవే. కేవలం వండినవారి మతం కారణంగా అవి నిషిద్ధం కావు. తీసుకోరానిది వచ్చినప్పుడు కూడా ముఖం చిట్లించకుండా, నొప్పించని మాటతో సంగతి చెప్పవచ్చును.

ఇటునుండి పంపేవారికి కూడా ఒక బాధ్యత ఉన్నది. మాంసం తినని ఇంటికి బిర్యానీ పంపడం ఆదరణ కాదు. వారికి పండ్లో, ఖర్జూరాలో, విడిగా వండిన సేమియానో పంపాలి. పరాయి ఇంటి వంట తినే ఆచారం లేనివారికి బియ్యం, పప్పు, నెయ్యి వంటి స్వయంపాకం సామగ్రి ఇవ్వవచ్చును. పుచ్చుకునేవాని మనసు నొచ్చుకోని కానుకే కానుక.

వండిన చేయి

అనేక ఇళ్ళలో పురుషులు, పిల్లలు, అతిథులు తిన్న తరువాత మిగిలినది స్త్రీలు తింటారు. కోడలి వంతు వచ్చేసరికి గిన్నె అడుగు కనబడుతుంది. దీనిని కొందరు ఇస్లామీ మర్యాద అనుకుంటున్నారు. పరపురుషుల ఎదుట పర్దా పాటించడం వేరు, ఇంటి స్త్రీకి మిగులు మాత్రమే దక్కడం వేరు. వంట చేసి తెచ్చిన సేవకుని సైతం పక్కన కూర్చోబెట్టుకోవాలని, అది కుదరకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా పెట్టాలని, పొయ్యి వేడిని భరించింది అతడేనని ప్రవక్త (స) బోధించారు. సేవకునికే ఈ హక్కు ఉన్నప్పుడు భార్యకు, తల్లికి, కోడలికి ఎంత ఉండాలి?

ముట్టుదినాలలో స్త్రీని వంటగది నుండి, పళ్ళెం నుండి దూరంగా ఉంచే అలవాటు కొన్ని ముస్లిం ఇళ్ళలోనూ పాతుకుపోయింది. మదీనాలోని యూదులు ఆ రోజులలో స్త్రీలతో కలిసి తినేవారు కారు. దీనిని గురించి సహాబీలు అడిగినప్పుడు బఖరా సూరాలోని 222వ ఆయతు అవతరించింది. దాంపత్య సంబంధం తప్ప మిగిలినవన్నీ సమ్మతమేనని ప్రవక్త (స) స్పష్టం చేశారు. ఆ రోజులలో హజ్రత్ ఆయిషా (ర) నీరు త్రాగి పాత్ర అందిస్తే, ఆమె పెదవి తగిలిన చోటనే తన పెదవి ఉంచి ఆయన త్రాగేవారు. ఆమె కొరికిన ఎముకను అదే చోట కొరికేవారు. ఈ విషయం ఆమే స్వయంగా ఉల్లేఖించారు. ఇంతకుమించిన వివరణ అవసరం లేదు.

ప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని హజ్రత్ అబూహురైరా (ర) తెలిపారు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేవారు. ఒకసారి ఆదరువు అడిగితే సిర్కా తప్ప మరేమీ లేదన్నారు. ఆయన దానినే తెప్పించుకొని, మెచ్చుకుంటూ తిన్నారు. ఇంట ఆయన ఏమి చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనులలో నిమగ్నులై ఉండేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. పప్పులో ఉప్పు తక్కువైందని పళ్ళెం తోసివేయడం సున్నత్‌కు ఎంత దూరమో దీనినిబట్టి తెలుస్తుంది.

ఉప్పు, నిప్పు, గిన్నె

మాఊన్ సూరాలో నమాజు పట్ల అశ్రద్ధ చూపేవారిని మందలించిన వెంటనే, మాఊన్ నిరాకరించేవారిని కూడా మందలించడం జరిగింది. మాఊన్ అంటే జకాత్ అని కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు. గిన్నె, బొక్కెన, గొడ్డలి వంటి నిత్యం ఎరువిచ్చుకునే ఇంటి సామాను అని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (ర) వివరించారు. ఉప్పు, నీరు, నిప్పులను కూడా ఈ కోవలో చేర్చినవారు ఉన్నారు. ఇచ్చినందువల్ల తరిగిపోని వస్తువును సైతం పొరుగువారికి ఇవ్వలేని మనసు ఎంత ఇరుకైనదో ఈ సూరా చూపుతున్నది.

అయితే పంచుకోవడానికీ హద్దులు ఉన్నాయి. హజ్రత్ జైనబ్ (ర) వలీమా సందర్భంలో అవతరించిన అహ్జాబ్ సూరా 53వ ఆయతు, వంట అయ్యేవరకు కాచుకొని కూర్చోవద్దని, తిన్న తరువాత కబుర్లతో ఇంటివారిని ఇబ్బంది పెట్టవద్దని నేర్పుతున్నది. అప్పు చేసి పది రకాలు వడ్డించడం ఆతిథ్యం కాదు, దుబారా. తినండి, త్రాగండి, మితిమీరకండి అన్న భావమే ఆరాఫ్ సూరా 31వ ఆయతులో ఉన్నది.

ఇంట చావు జరిగినప్పుడు ఈ అలవాటు విలువ మరింతగా తెలుస్తుంది. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (ర) అమరగతి పొందారన్న వార్త రాగానే, జాఫర్ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు, వారికి భోజనం సిద్ధం చేయండని ప్రవక్త (స) ఆదేశించారు. దుఃఖంలో ఉన్న ఇల్లు వచ్చినవారికి వండిపెట్టడం కాదు, పొరుగువారే ఆ ఇంటికి వండి తేవడం సున్నత్. నేడు అనేకచోట్ల ఈ క్రమం తలక్రిందులైంది. మృతుని కుటుంబమే అప్పు చేసి ఊరికి భోజనం పెడుతున్నది.

పక్కింటివాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడన్న హెచ్చరిక హదీసులో ఉన్నది. పక్కింట ఆకలి ఉన్నదో లేదో తెలియాలంటే రెండు గుమ్మాల మధ్య గిన్నె తిరుగుతూ ఉండాలి. రాకపోకలు నిలిచిపోతే ఆకలి సంగతి గోడ దాటి రాదు. రేపటి వంటలో ఒక గ్లాసు నీరు ఎక్కువ పోసి, దగ్గరి గుమ్మానికి ఒక గిన్నె పంపడం ఏ కుటుంబానికీ భారం కాదు.